ఆకాశంలో అటెస్టేషన్

ఒరిజినల్ చూడకుండా నేను ఏ నకలు మీదా సంతకం పెట్టను. గొప్ప కోసం చెప్పడం లేదు. మా బావమరిది తన డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చి, "బావా, నామీద నమ్మకం లేదా నీకు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నా సరే, ఒరిజినల్ తెమ్మన్నాను. అతను ఇప్పటిదాకా తేలేదు. మా ఆవిడ నాకు నెల్లాళ్లపాటు ఉత్త చారన్నం వడ్డించింది.

నా పేరు ఓబుళపతి. బద్వేలు పశువుల ఆసుపత్రిలో డాక్టరుని, గెజిటెడ్ అధికారిని. నా దగ్గరికి గేదెలకన్నా జిరాక్సులే ఎక్కువ వస్తాయి. తహసీల్దారు గారు మీటింగుల్లో ఉంటారు, కాలేజీ ప్రిన్సిపాలు గారు పరీక్షల్లో ఉంటారు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టగలిగి, అడిగినప్పుడు దొరికేది పశువుల డాక్టరు ఒక్కడే. చేతికున్న గ్లవుజు తీసి, సబ్బుతో కడుక్కుని, ఒరిజినలూ నకలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసి, 'ట్రూ కాపీ' అని రాసి, సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేస్తాను. ఇరవై ఆరేళ్లలో ఒక్క సంతకం కూడా తిరిగి రాలేదు.

అలాంటి నేను విమానం ఎక్కాల్సి రావడానికి కారణం పాలపిట్ట ఎయిర్‌వేస్ అనే చిన్న కంపెనీ. వాళ్లకున్నవి మూడే విమానాలు. ఒక్కోదాంట్లో డెబ్బైమంది పడతారు. వాటిని నడిపే పైలట్లు పటాలన్నీ ఒక పెద్ద తోలుసంచిలో మోసుకు తిరిగేవారు. సంచి బరువు పద్ధెనిమిది కిలోలు. ఆ బరువుకు ఇద్దరు పైలట్లకు నడుం పట్టేసింది. దాంతో కంపెనీవాళ్లు సంచి తీసేసి, పైలట్ల చేతికి తలా ఒక టాబ్లెట్ ఇచ్చారు. దాంట్లో పటం ఉంటుంది, పటం మీద చిన్న విమానం బొమ్మ ఉంటుంది, నిజం విమానం ఎటు పోతే బొమ్మ అటు పోతుంది. పైలట్లు సంతోషించారు. నడుములు కూడా సంతోషించాయి.

అప్పుడు గగనపత్రాల ధ్రువీకరణ సంచాలక కార్యాలయం మేలుకుంది.

ఆ కార్యాలయం పని ఏమిటంటే, పాత తోలుసంచిలోని ప్రతి పటం మీదా ముద్ర వేయడం. సంచి పోతే వాళ్ల ముద్ర ఎక్కడ పడాలి? ఈ ప్రశ్న అక్కడి సంయుక్త సంచాలకులు శ్రీ గుమ్మలూరి విరూపాక్షరావు గారికి పదకొండు రోజులు నిద్ర లేకుండా చేసిందట. పన్నెండో రోజున సర్క్యులర్ వెలువడింది. దాని మూడో పేరా నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తెరపై కనబడునది ఏదియైనను నకలు మాత్రమే గాని మూలము కానేరదు. కావున టాబ్లెట్ తెరపై కనబడు ప్రతి పటమును గెజిటెడ్ అధికారి మూలముతో సరిచూసి, ఆకుపచ్చ సిరాతో సంతకము, హోదా ముద్ర వేసిన పిదప మాత్రమే, సదరు పటము ఆధారముగా విమానము నడపవలెను. అట్లు కానిచో ఒక్కొక్క ధ్రువీకరించని తెరకు ఒక్కొక్క మెమో జారీ చేయబడును. మూడు మెమోలు పొందిన విమానచోదకుని లైసెన్సు రద్దు చేయబడును."

చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. నకలును నకలు అనే ధైర్యం ఉన్నవాడు ఈ రాష్ట్రంలో నేను కాక మరొకడు ఉన్నాడన్నమాట! వారం తిరక్కుండా నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా 'గగనతల ధ్రువీకరణాధికారి'. ముద్ర మాత్రం పాతదే ఉండనిమ్మన్నారు, కొత్త ముద్ర చేయించే ఫైలు ఇంకా కదలలేదు.

మొదటి రోజు విజయవాడ నుంచి సగిలేరుకు. సగిలేరు మా బద్వేలుకు దగ్గర్లోనే వెలిసిన కొత్త విమానాశ్రయం. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఒక మడతసీటు ఉంటే అందులో నన్ను కూర్చోబెట్టారు. ఒళ్లో ముద్ర, ఇంకు ప్యాడు, రెండు ఆకుపచ్చ పెన్నులు, ఒక ఫైలు. ఎడమ సీటులో కెప్టెన్ తాళ్లూరి హైమావతి గారు. తెనాలి ఆవిడ, నలభై దాటి ఉంటుంది, పదహారేళ్లుగా విమానాలు నడుపుతోంది. కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్ రఘువీర్, కరీంనగర్ కుర్రవాడు. సర్క్యులర్ చదివినప్పటి నుంచి అతనికి నవ్వు ఆగడం లేదు.

"డాక్టరు గారూ, సంతకం ఎక్కడ పెడతారు? అద్దం మీదా?" అంది కెప్టెన్, విమానం పైకి లేచాక.

నేను ఫైలులోంచి పలచటి ప్లాస్టిక్ షీట్లు తీసి చూపించాను. తెరకు షీటు అంటించి, దాని మీద సంతకం పెట్టి ముద్ర వేస్తాను. తెర మారగానే షీటు ఒలిచి ఫైలుకు ట్యాగు కడతాను. ఇదంతా సర్క్యులర్ అనుబంధంలో బొమ్మలతో సహా ఉంది.

"అది సరేమ్మా, ఒరిజినల్ యాడుంది?" అన్నాను.

"దేని ఒరిజినలండీ?"

"ఈ పటం ఒరిజినల్. సరిచూసుకోకుండా నేను సంతకం పెట్టేది లేదు."

ఆవిడ నన్ను ఒక క్షణం తేరిపార చూసింది. తర్వాత కిటికీలోంచి కిందికి వేలు చూపించింది. "అదిగోనండి ఒరిజినల్."

కింద భూమి ఉంది.

ఆలోచిస్తే ఆవిడ మాటలో తప్పు కనబడలేదు. పటం భూమికి నకలు. భూమే ఒరిజినల్. మెడ చాచి కిందికి చూశాను. కృష్ణ ఉంది, నకల్లోనూ ఉంది. బ్యారేజీ ఉంది, నకల్లోనూ ఉంది. 'మూలంతో సరిచూశాను' అని రాసి సంతకం పెట్టి ముద్ర కొట్టాను. గుండ్రంగా, ఆకుపచ్చగా, 'పశువైద్యాధికారి, బద్వేలు' అని ముద్ర అందంగా పడింది. విజయవాడ సగం దాని కింద మాయమైంది.

"సార్, మన విమానం బొమ్మ మీ ముద్ర కిందికి పోయింది. గనవడ్తలేదు," అన్నాడు రఘువీర్.

"ఇంకొంచేపట్లో బయటికి వస్తుంది లే నాయనా," అన్నాను. వచ్చింది కూడా. కానీ ఆపాటికి తెర మారిపోయింది. కొత్త తెర, కొత్త నకలు. షీటు ఒలిచి, ఇంకోటి అంటించి, కిందికి చూసి, మళ్లీ తెర చూసేసరికి అదీ జరిగిపోయింది. ఇరవై ఆరేళ్లలో నేను ఎన్నో నకళ్లు చూశాను గానీ, సంతకం పెడుతుంటే పారిపోయే నకలు ఇదే మొదటిది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆపుతారా?" అని అడిగాను.

"విమానం ఆపకూడదండీ, పడిపోతుంది," అంది ఆవిడ మర్యాదగా.

చివరికి ఒక ఉపాయం దొరికింది. విమానం గుండ్రంగా తిరుగుతుంటే అదే నేల మళ్లీ మళ్లీ వస్తుంది, నాకు సంతకానికి వ్యవధి దొరుకుతుంది. నల్లమల మీద ఆరు చుట్లు తిరిగాం. కెప్టెన్ మైకులో ప్రయాణికులకు చెప్పింది: "అటెస్టేషన్ కారణంగా కొద్దిగా ఆలస్యమవుతోంది. దయచేసి సహకరించండి." వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. మనవాళ్లకు ఆ మాట అర్థం కాకపోవడమేం, అందరూ ఎప్పుడో ఒకప్పుడు నాలాంటివాడి గుమ్మం ముందు నిలబడినవాళ్లే. ఒకాయనైతే ఎయిర్‌హోస్టెస్ చేత తన ఆధార్ జిరాక్సు లోపలికి పంపాడు, ఎలాగూ సంతకాలు జరుగుతున్నాయి కదా అని. ఒరిజినల్ కూడా పంపాడు కాబట్టి పెట్టి ఇచ్చాను. నలభై నిమిషాల ప్రయాణం మూడు గంటలు పట్టింది.

ఆ తర్వాత రోజుకో సందేహం, రోజుకో వివరణ. రెండు వేళ్లతో తెరను పెద్దది చేసి చూస్తే అది 'విస్తరించిన నకలు' అవుతుందనీ, దానికి విడిగా సంతకం ఉండాలనీ వివరణ వచ్చింది. అప్పటినుంచి కెప్టెన్ వేళ్లు ముడుచుకుని కూర్చునేది. పైలట్లిద్దరి టాబ్లెట్లూ ఒకే పటం చూపిస్తే ఒకటి డూప్లికేటు కాబట్టి రెండోదాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. విమానంలో బీరువా లేదని కంపెనీ రాస్తే, బీరువా బిగించాక తెలియజేయమన్నారు.

అన్నిటికన్నా చిక్కు మబ్బులతో వచ్చింది. మబ్బు అడ్డం వస్తే ఒరిజినల్ కనబడదు. ఒరిజినల్ కనబడకపోతే నేను సంతకం పెట్టను. ఒకరోజు మార్కాపురం మీద అడుగున అంతా తెల్లగా దూదిలా పరుచుకుంది. నేను పెన్ను మూత పెట్టేశాను.

"డాక్టరు గారూ, కింద ఉన్నది మార్కాపురమేనండీ. నా మాట నమ్మండి. పదహారేళ్లుగా చూస్తున్నా."

"నమ్మకం సంగతి కాదమ్మా. నాకు కనపడాల గదా."

పైగా ఆరోజు నింపుకున్న ఇంధనంతో చుట్లు తిరిగే వీలు కూడా లేదు. ఆవిడ పళ్లు బిగించి ధ్రువీకరించని తెర మీదే సగిలేరు దాకా వచ్చి చక్కగా దించింది. మర్నాడు మొదటి మెమో వచ్చింది. వారం తర్వాత మళ్లీ మబ్బులు, మళ్లీ రెండో మెమో.  అది అందుకుని ఆవిడ కాక్‌పిట్‌లో తన సీటు బెల్టును ఊరికే అటూ ఇటూ సవరించుకుంది.

"ఇంకొక్కటొస్తే నన్ను దించేస్తారు, డాక్టరు గారూ. నాకీ పని తప్ప ఇంకోటి రాదు. వంట కూడా రాదు, మా ఆయన్ని అడగండి."

నవ్వుతూనే అంది. మొదటిసారి నా సంతకం మీద నాకే కోపం వచ్చింది. నిజానికి తప్పు సంతకానిది కాదు. కాని నేను పెట్టని సంతకాలే ఆవిడ మెడకు చుట్టుకుంటున్నాయి. అలాగని కళ్లు మూసుకుని పెడదామా అంటే చెయ్యి కదలదు, నా చెయ్యి అలా తయారైంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇరవై ఎనిమిది రోజులకోసారి టాబ్లెట్ తనంతట తానే, 'పటంలో కొత్త మార్పులు వచ్చాయి, తీసుకోమంటారా?' అని అడుగుతుంది. ఎక్కడైనా కొత్తగా స్తంభం లేచినా, రన్‌వే మరమ్మతులో ఉన్నా అందులో వస్తుంది. విరూపాక్షరావు గారికి ఈ సంగతి తెలిసి నిర్ఘాంతపోయారు. "ధ్రువీకరించిన పత్రమునందు కొట్టివేతలు, దిద్దుబాట్లు చెల్లనేరవు," అని ఉత్తర్వు ఇచ్చి, మనిషిని పంపించి ఆ బటను మీద లక్క కరిగించి సీలు వేయించారు. తెర మూలన ఎర్రటి లక్క గడ్డ కట్టుకుని ఉండేది. రఘువీర్ దానికి రోజూ దణ్ణం పెట్టి సీట్లో కూర్చునేవాడు.

అలా నాలుగు నెలలు గడిచాయి. విరూపాక్షరావు గారు పథకం పనితీరు స్వయంగా చూస్తామని బయల్దేరారు. ఆరోజు సగిలేరులో పదకొండు గంటలకు ఆయనకు సన్మానం. శాలువా, జ్ఞాపిక సిద్ధంగా ఉన్నాయని ఆయనే ఎక్కుతూ చెప్పారు. పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. చేతిలో ఆయనకూ ఒక టాబ్లెట్ ఉంది.

"మా కార్యాలయమును సంపూర్ణ కాగితరహితముగా తీర్చిదిద్దితిమి," అన్నారు నాతో గర్వంగా. "గత మాసమున ఆఖరి తెల్లకాగితమును సైతము తూకమునకు పంపివేసితిమి. ఇప్పుడు ఆఫీసులో ఎవని బల్లపై కాగితము కనబడినను సంజాయిషీ అడుగుదుము."

"మరి ఈ ప్లాస్టిక్ షీట్లు సార్?"

"ప్లాస్టిక్ కాగితము కాదు గదా!" అని నా అమాయకత్వానికి నవ్వి, వెళ్లి మొదటి వరసలో కూర్చున్నారు. అక్కడి గోడకు కాక్‌పిట్‌తో మాట్లాడే ఫోను ఒకటి ఉంటుంది. దారి పొడవునా ఆ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారు.

సగిలేరు దగ్గర పడేసరికి వాన మబ్బులు. తూర్పు వైపు నుంచి దిగడం అలవాటు. అటంతా మూసుకుపోయి ఉంది. ఒరిజినల్ కనబడటం లేదు, నేను పెన్ను తీయలేదు. కెప్టెన్ చుట్టు తిరగడం మొదలుపెట్టింది.

ఫోను మోగింది. "ధ్రువీకరణ ఏ దశలో ఉన్నది?" విరూపాక్షరావు గారి గొంతు.

"ఒరిజినల్ కనపడలేదు సార్, మబ్బుంది," అన్నాను.

"సన్మాన సమయము మించిపోవుచున్నది. పూర్వము ధ్రువీకరించిన దిగుబాటు తెర ఏదియు మీ ఫైలులో లేదా?"

ఉంది. పోయిన నెలలో ఒకసారి గాలి మారి, పడమటి వైపు నుంచి దిగాం. ఆనాటి షీటు ఫైలులో ఉంది. సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. ఉందని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు రాదు.

"మరి ఇంకేమి! సదరు తెర అమలులోనే ఉన్నది. దాని ప్రకారము పడమటి దిక్కు నుండి దింపవలసినదిగా కెప్టెన్‌ను ఆదేశింపుడు. తిరస్కరించినచో మెమో."

"మేడం, మూడోది," అన్నాడు రఘువీర్ మెల్లగా. అతని నవ్వు ఆగిపోయింది.

కెప్టెన్ విమానాశ్రయం వాళ్లను రేడియోలో అడిగింది. గాలి అటు కూడా అనుకూలంగానే ఉందన్నారు. ఆవిడ పెదవి కొరికి, విమానాన్ని పడమటికి తిప్పింది. పాత షీటు తెర మీద అంటించాను. పటంలో పడమట అంతా చదును, ఒక గుట్ట, గుట్ట మీద ఏమీ లేదు. గుట్ట పక్కనే నా గుండ్రటి ముద్ర.

కిందికి దిగుతున్నాం. పైలట్లిద్దరి కళ్లూ మీటర్ల మీద ఉన్నాయి. నా పని మాత్రం నేను మానలేదు. పాత సంతకమైనా సరే, ఒరిజినల్‌తో ఇంకోసారి సరిచూసుకుందామని పక్క కిటికీకి ముఖం ఆనించి చూస్తూ ఉన్నాను. అంతా తెలుపు. ఇంకా తెలుపు. ఒక్కసారిగా మబ్బు చీలి ఎదర గుట్ట కనబడింది. గుట్ట మీద ఎర్రపట్టీ తెల్లపట్టీ వేసిన ఫోను టవరు నిలబడి ఉంది.

ఆ టవరు నాకు తెలుసు, పోయిన నెల దిగినప్పుడు ఇంకా పైకి లేవలేదంతే! వేసవిలో, నేను ఇంకా బద్వేలులో ఉండగా, దాని పునాది గుంటలో ఆ పక్క ఊరి సుబ్బక్క గేదె పడిపోతే, బయటికి లాగించి కట్టు కట్టింది నేనే.

"అమ్మా! అసల్లో ఉండాది, నకల్లో లేదు!" అని అరిచాను.

"ఏం లేదు సార్ మ్యాప్‌ల!" అన్నాడు రఘువీర్.

"మ్యాపుల్లో లేదు నాయనా, గుట్ట మీద ఉండాది! టవరు! టవరు!"

కెప్టెన్ తల తిప్పి నన్ను చూడలేదు, తెరనూ చూడలేదు. కిటికీలోంచి ఎదరకు చూసింది. రెండు లివర్లూ ముందుకు తోసి విమానాన్ని పైకి లేపింది. నేను సీటుకు అతుక్కుపోయాను. ఇంకు ప్యాడు ఎగిరి రఘువీర్ తెల్లచొక్కా మీద పడింది. టవరు మా కింద ఎడమ పక్కగా దాటిపోయింది. దాని కొసన కాకి ఒకటి కూర్చుని ఉండటం కూడా నాకు కనబడింది.   

తర్వాత ఆవిడ మబ్బు విడిపోయేదాకా ఆగి, తూర్పునుంచి వచ్చి, ముద్ర వేయడానికి ఇంకు ప్యాడు లేదు కాబట్టి ధ్రువీకరణ లేకుండానే విమానాన్ని పువ్వులా దించింది. వెనక అరవైతొమ్మిదిమంది చప్పట్లు కొట్టారు. డెబ్బయ్యో మనిషి విరూపాక్షరావు గారు, చొక్కా నిండా కాఫీ ఒలికి ఉండటాన చప్పట్లు కొట్టలేదు. ఆయన దిగి, టవరు వైపు చూసి, ముఖం కాస్త పాలిపోయి, వెంటనే సర్దుకున్నారు. "విచారణ జరిపించెదము," అని శాలువా కోసం వెళ్లిపోయారు.

విచారణ వారం తర్వాత విజయవాడలో, ఆయన ఆఫీసులోనే జరిగింది. బల్లలన్నీ ఖాళీగా మెరిసిపోతున్నాయి. వెతికినా కాగితం ముక్క లేదు. కెప్టెన్ యూనిఫాంలో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. విరూపాక్షరావు గారు టాబ్లెట్ చూసి చదివారు.

"విచారణలో తేలిన అంశములు. ఒకటి, ధ్రువీకరించిన పటమునందు టవరు లేదు. రెండు, భూమిపై టవరు కలదు. ఈ రెండింటిలో పటమునకు గెజిటెడ్ అధికారి సంతకము కలదు, భూమికి ఎవరి సంతకమూ లేదు. మూడు, కెప్టెన్ హైమావతి గారు ధ్రువీకరించిన పటమును కాదని, ధ్రువీకరణ లేని భూమిని నమ్మి విమానమును పైకి లేపిరి."

"లేపకపోతే అందరం పోయేవాళ్లమండీ. మీరు కూడా!" అంది కెప్టెన్.

"పోలేదు గదా? ప్రమాదము జరుగనందున, ప్రమాదము జరిగియుండెడిదనుటకు రుజువు లేదు." ఆయన వేలితో తెర జరిపారు. "కావున మూడవ మెమో జారీ చేసి, లైసెన్సు రద్దు చేయడమైనది. మరియు, మూలము కనబడుటచే చోదకులలో గందరగోళము ఏర్పడుచున్నందున, ఇకపై విమానము ముందు కిటికీలన్నింటికీ తెరలు కట్టవలెను. పచ్చరంగు తెరలైనచో శ్రేష్ఠము."

కెప్టెన్ టోపీని గట్టిగా పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కిందికి మాత్రం రానివ్వలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. కానీ ఇరవై ఆరేళ్లుగా మాటలు నకళ్ల మీద రాయడమే గానీ, ఎవరినీ ఎదిరించి అనడం నేర్చుకోలేదు.

"డాక్టరు గారూ," అన్నారాయన, "నియమము ప్రకారము ఉత్తర్వు అమలులోనికి రావలెనన్న, ట్రూ కాపీపై ఈ దస్త్రమునకు నియమితులైన ధ్రువీకరణాధికారి, అనగా తమరు, సంతకము చేయవలసియున్నది." అని టాబ్లెట్ నా ముందుకు జరిపారు. దాని మీద ప్లాస్టిక్ షీటు కూడా ఆయనే అంటించారు.

తెర మీద ఉత్తర్వు ఉంది. అడుగున వేలితో గీసిన ఆయన సంతకం. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాను. మూత తీశాను. కెప్టెన్ కిటికీ వైపు తిరిగింది.

అలవాటు కొద్దీ నా నోట ఆ మాట వచ్చింది. కావాలని అనలేదు.

"సార్, ఒరిజినల్ యాడుంది?"

"ఇదే."

"ఇది తెర మీద ఉండాది గదా సార్."

"అయిననేమి?"

"మీ సర్క్యులర్ మూడో పేరా." అని నేను కళ్లు మూసుకుని అప్పజెప్పాను: "'తెరపై కనబడునది ఏదియైనను నకలు మాత్రమే గాని మూలము కానేరదు.' ఇది నకలు సార్. నకలుకు ఒరిజినల్ చూపియ్యాల."

 కెప్టెన్ మెల్లగా ఇటు తిరిగింది.

విరూపాక్షరావు గారు మొట్టమొదటిసారి తడబడ్డారు. "నేను... తెరపైనే వ్రాసితిని. తెరపైనే సంతకము చేసితిని. దీనికి వేరే మూలము లేదు."

"ఒరిజినల్ లేని నకలంటే ఏందో నాకు తెలుసు సార్. మా బావమరిది దగ్గర ఒకటుంది," అని పెన్నుకు మూత పెట్టాను.

"అయినచో ప్రింటు తీయించెదము!"

"అది నకలుకు నకలు సార్."

"కాగితముపై స్వయముగా వ్రాసి సంతకము చేసెదను! ఎవరక్కడ, ఒక తెల్లకాగితము!"

ఎవరూ కదల్లేదు. కాగితం దగ్గరుంటే సంజాయిషీ అడుగుతారని అందరికీ తెలుసు. ఆయనే లేచి సొరుగులు లాగారు. బీరువా తెరిచారు. చెత్తబుట్ట బోర్లించారు. చివరికి చేతిరుమాలు తీసి, దాని వంక ఆశగా చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నన్ను తప్పించి ఇంకో అధికారిని నియమిద్దామని అన్నారు గానీ, ఆ నియామకపు ఉత్తర్వుకు కూడా ట్రూ కాపీ మీద సంతకం పెట్టవలసింది నేనేనని వారి గుమాస్తా చెవిలో చెప్పాడు.

"తెల్లకాగితములకు ఇండెంటు పెట్టుదము," అని కూలబడ్డారు విరూపాక్షరావు గారు.

"పెట్టండి సార్, నేను ఆగుతా," అన్నాను.

బయటికి వచ్చాక మెట్ల మీద కెప్టెన్‌కి నవ్వు మొదలైంది. ఆపుకోలేక గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఏవండీ డాక్టరు గారూ, తెలిసే అడిగారా, తెలియకుండానే అడిగేశారా?"

"మొదటిసారి తెలియకుండానే అన్నానమ్మా," అన్నాను. "రెండోసారి నుంచి తెలిసే."

ఉత్తర్వు అమల్లోకి రానందున ఆవిడ లైసెన్సు ఆవిడ దగ్గరే ఉంది. కిటికీలకు తెరలు పడలేదు. లక్క గడ్డను రఘువీర్ ఒకరోజు వెంట్రుకలు ఆరబెట్టుకునే మిషను పెట్టి కరిగించాడట, పటంలో టవరు వెంటనే ప్రత్యక్షమైందట. నాకు డెప్యుటేషన్ ముగిసి బద్వేలుకు తిరిగొచ్చాను. ఆ దస్త్రానికి మాత్రం ధ్రువీకరణాధికారిని ఇప్పటికీ నేనే. పొద్దున తొమ్మిదిన్నరకు మా ఆసుపత్రి మీదుగా పాలపిట్ట విమానం పోతుంటే, చేతిలో పనాపి తలెత్తి చూస్తాను. మా ఊరి వాళ్లు నన్ను విమానాల డాక్టరని పిలవడం మొదలుపెట్టారు.

నిన్న విజయవాడ నుంచి నాకొక టాబ్లెట్ పార్సెల్లో వచ్చింది. తెర మీద, రెండు దస్తాల తెల్లకాగితాలు కావాలని విరూపాక్షరావు గారు పెట్టిన ఇండెంటు, అడుగున వేలితో గీసిన సంతకం. ట్రూ కాపీ అని ధ్రువీకరించి వెంటనే పంపవలసిందిగా కోరారు.

గ్లవుజు తీసి, చేతులు కడుక్కుని, తెర మీద షీటు అంటించి, 'ఒరిజినల్ జతపరచగలరు' అని ఆకుపచ్చ సిరాతో రాసి తిప్పి పంపాను.